దుబినాలో అందరిదీ ఒకే ఇంటిపేరు

టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో మా పక్కింటి మేరీకి తొంభై ఏళ్లు, నాకు డెబ్బై ఎనిమిది. తన సమాధి రాయిపై నాయనమ్మ పుట్టిన చెక్ పల్లె పేరు ఉండాలని ఆమె కోరిక. రాయి చెక్కే మనిషి సోమవారం పని మొదలుపెడతాడు. ఆ పేరేమో ఆమెకు గుర్తు లేదు. మాకు దక్షిణంగా ఉన్న దుబినా అనే పల్లెలో, నాయనమ్మ సమాధి మీద ఉంటుందట. మేరీకి చూపు పోయింది. నేను చదివి వస్తానని మాట ఇచ్చాను.

శుక్రవారం ఉదయం ఆరింటికి కారు తీస్తుండగా మా అమ్మాయి సుధ ఫోన్ చేసింది.

"అమ్మా, ఒక్కదానివే నాలుగు గంటలు డ్రైవ్ చేస్తావా? సండే నేను తీసుకెళ్తా, వెయిట్ చెయ్యి."

"పోయిన ఆదివారమూ ఇదే అన్నావు. కాలేజీలో ముప్పై ఏళ్లు భూగోళం చెప్పాను, నాకు దారి తెలుసు."

వేకో దాకా ముప్పై అయిదో నంబరు హైవే, ఆపైన డెబ్బై ఏడు. గిడింగ్స్‌లో ట్యాంకు నింపుకోవడానికి నలభై డాలర్లయింది. లా గ్రాంజ్ దాటాక నేల మెల్లగా ఎత్తుపల్లాలుగా మారుతుంది. దుబినా అంటే చెక్ భాషలో ఓక్ చెట్ల తోపు. పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో చెక్ దేశపు మొరావియా ప్రాంతం నుంచి వచ్చిన కుటుంబాలు ఇక్కడ పత్తి పండించాయి. రైలు మార్గం పక్క ఊళ్ల మీదుగా పోవడంతో జనమూ అటే తరలిపోయారు. నీలి కప్పు నిండా నక్షత్రాలు చిత్రించిన చర్చి, ఒక శ్మశానం మిగిలాయి.

మోకాళ్లను కాపాడుకుంటూ, నడకదారి మీంచే ఒక్కో రాతి మీద మొదటి వరుస మాత్రం చదువుతూ పోయాను. ఇంటిపేరు ముందుంటుంది కదా. పాత రాళ్లన్నిటి మీదా పెద్ద అక్షరాల్లో ఒకే మాట: 'జ్దె'. ఎంత పెద్ద వంశమో అనుకున్నాను. గంట గడిచినా మేరీ చెప్పిన ఇంటిపేరు కనబడలేదు.

గడ్డి కోస్తున్న పెద్దాయన యంత్రం ఆపాడు. "ఎవరి కోసం వెతుకుతున్నారు, మ్యామ్?"

"జ్దె వారు కాని వాళ్ల కోసం."

ఆయన టోపీ తీసి మరీ నవ్వాడు. "జ్దె అంటే 'ఇక్కడ'. అది పైన పెట్టి, కింది వరుసలో 'విశ్రమిస్తున్నారు' అని, పక్కనే పేరు చెక్కుతారు."

"మా తెలుగువాళ్లకు ఇంటిపేరే ముందు."

"అయితే మావాళ్లందరి ఇంటిపేరూ 'ఇక్కడ' అన్నమాట. అదీ నిజమే లెండి."

మళ్లీ మొదటి రాయి నుంచి, రాతి మీది రెండో వరుస చదివాను. నాలుగో బారులో దొరికింది. మోకాళ్లమీద కూర్చుని నాచు తుడిస్తే అడుగున ఊరి పేరు తేలింది: లిఖ్నోవ్.

"నేను చూసిన ఊరే," అన్నాడాయన. "బెస్కిడ్ కొండల కింద, వాగు వెంట పొడుగ్గా ఇళ్లు. ఇంటి వెనక సన్నటి పొలం. అన్నదమ్ములు పంచుకుంటే గట్టే మిగిలేదని మా తాత అనేవాడు."

లేవడానికి చెయ్యి అందించాడు. వద్దని, మేరీ నాయనమ్మ రాయి ఆసరాగా లేచాను. అక్కడినుంచే ఫోన్ చేసి ఒక్కో అక్షరం చెప్పాను. మేరీ ఆ పేరును రెండుసార్లు పలికింది.

మా ఇంటిపేరు నేను ఒక్కరోజూ ఉండని ఊరిది. యాభై ఏళ్లుగా ఇర్వింగ్‌లో ఉంటూ, మీదెక్కడని ఎవరడిగినా ఆ ఊరే చెప్పేదాన్ని. తిరుగు దారిలో గిడింగ్స్ కాఫీ దుకాణంలో ఒకామె మాది ఎక్కడని అడిగింది. ఇర్వింగ్ అన్నాను. ఆమె ఇంకా ఏదో చెబుతాననుకుని చూసింది. నేను కాఫీ తీసుకుని కారెక్కాను.

ఇలాంటి శ్మశానాలకు వెళ్లేవారు ఒక మెత్తటి బ్రష్, నీళ్ల సీసా వెంట ఉంచుకోండి. చదవడం మాత్రం రెండో వరుస నుంచి మొదలుపెట్టండి.