సైట్‌లో లేని పేరు

దయ్యాలు, ఆత్మలు అంటే నవ్వి ఊరుకునే రకం నేను. మా అత్తగారు దిష్టి తీస్తానంటే కాదనను కానీ, ఆవిడకు కనబడకుండా మొహం పక్కకు తిప్పుకుని నవ్వుకుంటాను. నేను చేసే పని అలాంటిది. అందులో ప్రతి అంకె వెనుకా ఒక మనిషి, ఒక ఫోన్, ఒక కారణం ఉంటాయి. ఓపిగ్గా వెతికితే దొరుకుతాయి. ఈ ఒక్కదానికి మాత్రం దొరకలేదు.

ముందు నా పని సంగతి చెప్పాలి. ఎవరైనా ఫోన్‌లో "వంటగదికి ఏ బండ మంచిది" అని వెతికితే, వచ్చే జాబితాలో మా కస్టమర్ వెబ్‌సైట్ పైన కనిపించేలా చూడటం నా పని. దీన్నే ఎస్.ఇ.ఓ. అంటారు. హైదరాబాద్‌లో ఒక కంపెనీలో ఆరేళ్లు ఉద్యోగం చేశాను. మా ఆయనకు వికారాబాద్ బదిలీ అయ్యాక అది మానేసి, ఇంటి నుంచే కాంట్రాక్టు పనులు పట్టుకున్నాను.

ఉద్యోగంలో మీటింగులతో ప్రాణం విసిగేది. ఒక్క వాక్యం మార్చాలన్నా నలుగురు కూర్చుని టీ తాగాలి. కాంట్రాక్టులో ఆ గోల లేదు. కానీ ఐదుగురు యజమానులు, ఐదుగురికీ నేను పరాయిదాన్నే. సైట్ పైకి వస్తే వాళ్ల అదృష్టం, కిందికి జారితే నా చేతగానితనం. జ్వరం వస్తే సెలవు ఎవరిని అడగాలో కూడా తెలియదు. నాలుగేళ్లకే అలసిపోయాను. ఎక్కడో ఒకచోట నాదంటూ ఒక కుర్చీ ఉంటే చాలనిపించేది.

ఆ ఐదుగురిలో తాండూరు బసప్ప గారు ఒకరు. నాపరాయి బండలు పాలిష్ చేయించి అమ్ముతారు. నెలకోసారి పొద్దున రైలెక్కి వెళ్లి రిపోర్టు చూపించి వచ్చేదాన్ని. బయటి మనిషినని సైట్ పాస్‌వర్డ్ నాకు ఇవ్వలేదు. నేను మార్పులు రాసి పంపితే ఆఫీసులో సునంద అనే ఆపరేటర్ ఎక్కించేది.

ఆ సైట్‌లో బండల గురించి ముప్పైకి పైగా వ్యాసాలున్నాయి. నేను రాకముందే ఎవరో రాసినవి, నిజం చెప్పాలంటే నాకంటే బాగా రాసినవి. ఏ బండ మీద నూనె మరక పోదు, ఏది వానకు పాచి పడుతుంది, గొర్రెల దొడ్డిలో ఏది పరచాలి. అన్నిటి కిందా "రాసినవారు: వినయ్" అని ఉంటుంది. వినయ్ బసప్ప గారి కొడుకు. యజమాని ఇంటి మనిషి రాశాడంటే చదివేవాళ్లకు నమ్మకం కలుగుతుందని ఆ ఏర్పాటు. మా పనిలో ఇది మామూలే. నేనూ చాలామంది పేర్ల మీద రాశాను.

పోయిన ఎండాకాలం రిపోర్టు తయారు చేస్తుంటే ఒక మాట కనిపించింది. జనం ఏమేం వెతికి మా సైట్‌కు వచ్చారో ఆ రిపోర్టులో ఉంటుంది. అందులో "కుల్కచర్ల బీరేశ్" అని ఉంది. రోజుకు ఒక్కసారి. వెతికిన ప్రతిసారీ మా సైట్ మొదటి స్థానంలో ఉంది. ప్రతిసారీ గొర్రెల దొడ్డి వ్యాసమే తెరిచారు.

సైట్‌లో ఆ పేరు ఎక్కడా లేదు. పేజీల వెనుక ఉండే కోడ్ చూశాను, బొమ్మల పేర్లు చూశాను, బయటి సైట్ల నుంచి వచ్చే లింకులు చూశాను. లేదు. ఇంకో సంగతి. ఒకరిద్దరే వెతికిన మాటలను ఆ రిపోర్టు బయటపెట్టదు. వెతికిందెవరో తెలిసిపోకూడదని అలా దాచేస్తుంది. ఇది మాత్రం నెలంతా కనబడుతూనే ఉంది. నా ఫోన్‌లో నేను అదే పేరు వెతికితే ఎవరెవరో బీరేశ్‌లు వచ్చారు కానీ బండల ఊసే లేదు.

తాండూరు వెళ్లినప్పుడు బసప్ప గారిని అడిగాను. ఆయన చేతిలోని రిపోర్టు పక్కన పెట్టారు.

"నీకంటె ముందు గీ రాతలన్ని రాసింది గా పోరడేనమ్మా. కుల్కచర్ల దిక్కు గొర్లోళ్ల ఇంట్ల పుట్టిండు. నౌకరి ఇయ్యుండ్రి సేటు అని మస్తు సార్లు అడిగిండు. ఇద్దాంతియ్ అనుకుంట దినాలు గడిపినం. గంతల్నే గుండె ఆగి పాయె."

ఆ వెంటనే, నా మొహంలో ఏం కనిపించిందో మరి, "నువ్వన్న లోపలికొచ్చెయ్, ఒకటో తారీఖు నుంచి" అన్నారు. అన్నాళ్లుగా కోరుకున్న మాట. సంతోషించాల్సింది పోయి, బీరేశ్‌కు ఇవ్వని కుర్చీ నాకిస్తున్నారనిపించింది.

ఆ పేరు వెతుకుతున్నది బీరేశ్ ఇంటివాళ్లే అయి ఉంటారని, చూసొస్తే నా మనసు కుదుటపడుతుందని, పరిగి మీదుగా బస్సులో కుల్కచర్ల వెళ్లాను. బీరేశ్ భార్య అనసూయ బట్టలు కుడుతోంది. పదేళ్ల కూతురు రేణుక పక్కన కూర్చుని హోంవర్క్ చేసుకుంటోంది.

"మేమేం ఎతుకుతలేం మేడం" అంది అనసూయ. "నాకు సదువు రాదు. ఆయన ఫోను ఆయన తమ్ముడు తీస్కపోయి అమ్మేసిండు. నాతాన ఉన్నది బటన్ల ఫోనే. రాసుడంత ఆఫీసులనే. ఇంటికాడ ఒక్క ముక్క రాయలే."

కుడుతున్న బట్ట పక్కన పెట్టి మళ్లీ అంది.

"ఆకరికి పర్మినెంటు అయితె అయిండు. గా దినం మిఠాయి డబ్బ తెచ్చి వాడంత పంచిండు. మీరు గూడ గా కంపెనీలనే కద. ఆయన రాసినయ్ మా బిడ్డకు జర చూపిస్తరా?"

పర్మినెంట్ కాలేదని ఎలా చెప్పను? చూపిస్తే కింద వినయ్ పేరు ఉంటుంది. చూపించకపోతే ఏం కారణం చెప్పాలి? ఫోన్‌లో గొర్రెల దొడ్డి వ్యాసం తెరిచి, పాప చేతికిచ్చి, పిరికిదానిలా తల్లి వైపు తిరిగి టీ తాగుతూ కూర్చున్నాను.

పాప పైకే చదివింది. "రాసినవారు: బీరేశ్." తల్లి కొంగుతో కళ్లు తుడుచుకుంది. పాప తెలివైనదని, తల్లి కోసం అబద్ధమాడిందని అనుకున్నాను. నా సిగ్గు కొంచెం తగ్గింది కూడా. అందులోంచి కొంత నోటుపుస్తకంలో ఎక్కించుకుంటానంటే సరేనన్నాను. ఫోన్ తిరిగి తీసుకున్నాక చూస్తే వినయ్ పేరే ఉంది. వచ్చేముందు ఆ నోటుపుస్తకం పేజీని ఫోటో తీసుకున్నాను.

బస్సులో ఆ ఫోటో చదివాను. నాలుగు వాక్యాలు. "నున్నటి బండ మనిషికి అందం, గొర్రెకు ఆపద. మా దొడ్డిలో ఒక చూడి గొర్రె జారి కాలు విరగ్గొట్టుకుంది. మా నాయన రెండు రోజులు దాని పక్కనుంచి లేవలేదు. అందుకే చెబుతున్నాను, దొడ్డికి గరుకు బండే వేయించండి."

ఆ వ్యాసంలో ఈ వాక్యాలు లేవు. పరిగి చేరేలోపు మూడుసార్లు పైనుంచి కిందిదాకా చూశాను.

ఒకటో తారీఖున ఉద్యోగంలో చేరాను. కుర్చీ ఇచ్చారు, పాస్‌వర్డ్ ఇచ్చారు. రెండో రోజు ఆఫీసు కంప్యూటర్‌లో పాత ఫైళ్లు తిరగేస్తుంటే బీరేశ్ మొదట రాసిన ప్రతి దొరికింది. ఆ నాలుగు వాక్యాలూ అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయి. పక్కన సునంద పెట్టిన గమనిక ఉంది: "చిన్న సేటు పేరు మీద వస్తుంది కదా, మీ ఇంటి గొర్రె సంగతి తీసెయ్." అవి సైట్‌లోకి ఒక్కరోజు కూడా ఎక్కలేదని సునంద ఒట్టేసి చెప్పింది.

వచ్చి రెండు రోజులైనా కాలేదు, యజమాని కొడుకు పేరు తీసేయమంటే నా కుర్చీ కూడా పోవచ్చు. అయినా ఆ ప్రతిని ప్రింట్ తీసి బసప్ప గారి ముందు పెట్టాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివారు.

"పెట్టు బిడ్డా, వాని పేరు పెట్టు. నౌకరి ఇయ్యకపోతిమి" అన్నారు.

మర్నాడు రైల్లో ఆఫీసుకు వస్తుంటే ఇంకొకటి తోచింది. ఎవరినీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. వ్యాసాలన్నిటి కిందా బీరేశ్ పేరు రాసి, పేరు పక్కన "పర్మినెంట్ ఉద్యోగి" అని చేర్చాను. అబద్ధమే. ఈ పనిలో ఎన్నో అబద్ధాలు రాశాను, ఇదొక్కటే ఇష్టపడి రాశాను.

రిపోర్టులో ఆ పేరు నేను కుల్కచర్ల వెళ్లిన రోజుతోనే ఆగిపోయింది. ఎందుకు వచ్చిందో, ఎందుకు పోయిందో తెలియదు. హైదరాబాద్‌లో పాత సహోద్యోగిని అడిగితే సాఫ్ట్‌వేర్ లోపం అన్నాడు. కావచ్చు. నోటుపుస్తకం గురించి మాత్రం అతనికి చెప్పలేదు.

పేర్లు మార్చిన రోజు మధ్యాహ్నమే అనసూయకు ఫోన్ చేశాను. పాప ఎత్తింది. మీ నాన్న పేరు పక్కన పర్మినెంట్ ఉద్యోగి అని ఉంటుంది, ఎవరి ఫోన్‌లోనైనా చూసుకో అన్నాను.

"గది మీరొచ్చిన దినమే ఉండె కద మేడం" అంది రేణుక. "అమ్మ ఏడుస్తదని పైకి సదవలే, గంతే."