పడుగుకి అటు కొస

అది కాదు, శిక్ష పడగానే న్యాయం జరిగిపోయిందని ఎలా అంటారు? ఎమ్మిగనూరులో మగ్గం నేసే మా పెద్దమ్మని చూశాక నేననలేను. గొడవలో పెదనాన్నని కొట్టి చంపిన పక్కింటాయనకి యావజ్జీవం పడిందని ఫోన్లో చూసి, "వాడు లోపలే చావాలి పెద్దమ్మా!" అని అరిచాను.

పెద్దమ్మ వీధిలో, మగ్గానికెక్కించే పడుగు నూలు సాగదీస్తోంది. ఇదివరకు పెదనాన్నా, ఆ పక్కింటాయనా చెరో కొసా పట్టుకునేవాళ్ళు. ఇప్పుడు అవతలి కొస పట్టుకుంది చంపినవాడి పెళ్ళాం.

"ఆమెతోనా?" అన్నాను.

"ఇంగెవరున్నారప్పా? నా మొగుడు మన్నులోకి పోయినాడు, దాని మొగుడు జైలుకి పోయినాడు. నువ్వు అరిస్తే నూలు సాగుతాదా? ఏ జైల్లో పెట్టినారో ఆ ఫోన్లో చూసి దానికి సెప్పు."

అవతల ఆమె నూలు వదలకుండా నా ఫోన్ వైపే చూస్తోంది. నాకు ఒళ్ళు మండింది, ఎవరి మీదో తెలీలేదు. వెతికి చెప్పాను.

న్యాయమే జరిగిందంటారా? అయితే వచ్చి మా పెద్దమ్మ ముందు ఆ మాట అనగలరా?