పల్లపు ఇంట్లో మా మేనత్త

మా మేనత్త పోయిందన్న కబురు నాకు చెప్పినవాడు ఆమె ఉండే వీధి కమిటీ పెద్ద. ఫోన్ ఎత్తగానే, "మీ అత్త తెల్లారగట్టే ఎల్లిపోనాదమ్మా" అన్నాడు. నేను ఏడవడానికైనా వ్యవధి ఇవ్వకుండా, ఏ వేళకు ప్రాణం పోయిందో తాను గుర్తుపెట్టుకున్నానని, నక్షత్రం చూసుకోవాలి కదా అని కూడా చేర్చాడు. ఆమె బతికుండగా ఏళ్ల తరబడి ఆమె గడప తొక్కని మనిషి అతను. నాకు ఒళ్లు మండింది. ఏడుపు తర్వాత వచ్చింది. ఇది రాస్తున్నప్పుడు కూడా ముందు కోపమే వస్తోంది, పాఠకులు మన్నించాలి.

జంషెడ్‌పూర్‌లో భుయ్యాడీహ్ చూసినవాళ్లకు ఆ వీధి ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి కార్ఖానా పనికి, రైలు పనికి వచ్చిన మా తాతలు వేసుకున్న ఇళ్లు. వీధి పైనుంచి సువర్ణరేఖ నది వైపు వాలుగా దిగుతుంది. దిగి దిగి ఆగేచోట, అందరికంటే పల్లంలో, మా అత్త ఇల్లు. వీధి మొత్తం స్నానాలు చేసిన నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు, దొడ్డికి పోయిన నీళ్లు అన్నీ ఒకే గొట్టంలో ఆమె గుమ్మం ముందు నుంచే పోవాలి. ఆ గొట్టం రేకుల ఇళ్లున్న రోజుల్లో వేసినది. రేకులు పోయి డాబాలొచ్చాయి, డాబాల మీద డాబాలొచ్చాయి. గొట్టం మాత్రం అదే.

అత్త టాటానగర్ స్టేషన్‌లో ఆడవాళ్ల వెయిటింగ్ రూమ్ ఆయాగా పనిచేసి రిటైరయింది. మా అమ్మ జబ్బుపడితే నన్ను తెచ్చి తన దగ్గర పెట్టుకుని బడికి పంపింది. డ్యూటీ నుంచి వచ్చి నాకు జడ వేసేది. చేతులు ఎన్నిసార్లు కడుక్కున్నా ఫినాయిల్ వాసన పోయేది కాదు, నా జుట్టుకీ అదే వాసన పట్టేది. బడిలో పిల్లలు ముక్కు మూసుకునేవారు. ఇంటికొచ్చి ఏడిస్తే, వాళ్ల పేర్లు చెప్పమని అడిగి, ఆ సాయంత్రమే వాళ్ల ఇళ్లకు వెళ్లి వాళ్ల అమ్మల్ని తిట్టి వచ్చింది. తెలుగు వాళ్లను తెలుగులో, ఒడియా వాళ్లను ఒడియాలో, మిగతావాళ్లను హిందీలో. ఎవరికీ తక్కువ చెయ్యలేదు. నన్ను ముద్దు చేసిన మనిషి కాదు గానీ, నా వెనక ఒకరున్నారన్న ధైర్యం నాకు ఆమె వల్లే వచ్చింది. ఆ రుణం నాకు ఇప్పటికీ ఉంది.

ఎవరింటికి వెళ్లినా గుమ్మంలో ఆగి ఒకసారి గాలి పీల్చేది. ఆమె ఇంటికి ఎవరొచ్చినా, టీ సాసరులో పోసుకుని తాగుతూ కబుర్లన్నీ చెప్పి, వాళ్లు బాత్‌రూమ్‌కి వెళ్లొస్తే మాత్రం, "నీళ్లు బాగా పోసేవా?" అని అడిగేది. కొత్త అల్లుడని కూడా చూసేది కాదు. మా పెళ్లయిన కొత్తలో మా ఆయన్ని అలాగే అడిగింది. ఆయన ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. సిగ్గేటని ఆమె అనేది. "నోట్లోకి పోయేదానికి అందరూ ఎగబడతారు. బయటికొచ్చినదానికి ఆసామీ ఎవుడూ నేడు" అని నవ్వేది.

వానాకాలంలో నది పొంగితే గొట్టంలో నీళ్లు ఎదురొచ్చి ఆమె బాత్‌రూమ్ తూములోంచి పైకి లేచేవి. ఇసక మూట తూములో కుక్కి, దాని మీద రుబ్బురోలు పొత్రం ఎత్తిపెట్టేది. అది నది చేసే పని గనక ఆమె నదిని ఏమీ అనేది కాదు. పొంగు తగ్గాక బ్లీచింగ్ చల్లి గచ్చు తోముకునేది.

తర్వాత బిల్డర్ వచ్చాడు. వీధి ఎగువన రెండు పాత ఇళ్లు కొని అపార్ట్‌మెంట్ లేపి, దాని మురుగు తెచ్చి మా పాత గొట్టానికే కలిపాడు. వీధిలో ప్రతివాడికీ ఆశ పుట్టింది. నా స్థలం ఇస్తాను, నాకొక ఫ్లాట్ ఇయ్యమని కొందరు, నేనే ఇంకో అంతస్తు వేసుకుంటానని కొందరు. కమిటీ పెద్ద బిల్డర్ మోటార్ సైకిల్ వెనక కూర్చుని తిరగడం మొదలుపెట్టాడు. ఆ ఏడు నుంచి మండువేసవిలో కూడా అత్త ఇంట్లో మురుగు పైకొచ్చింది. వెళ్లి చెబితే, "అడ్డం నీ ఇంటి గొట్టంలో ఉందప్పా, తవ్వించుకో" అన్నాడు కమిటీ పెద్ద. ఆమె గచ్చు తవ్వించింది. అడ్డం ఏమీ దొరకలేదు. ముసలితనంలో ముక్కుకి లేని వాసనలు తగుల్తాయని వీధిలో ఎగతాళి చేశారు.

అమ్మవారి పండగ రోజున అసలు సంగతి బయటపడింది. మా వైపు ఆడవాళ్లు ఆరోజు పసుపు నీళ్లలో వేపాకు వేసిన ముర్రాట కుండలు నెత్తిన పెట్టుకుని వెళ్లి అమ్మవారికి పోస్తారు. ఊరు వదిలి ఇంత దూరం వచ్చినా మేం ఆ ఒక్కటీ వదల్లేదు. గుడి వీధి ఎగువన ఉంది, పోసిన నీళ్లు పక్కనున్న మురుగు గుంటలోకి పోతాయి. అందరితోపాటు అత్తా పోసింది, నేనూ పోశాను. ఇంటికొచ్చి చూస్తే బాత్‌రూమ్ నిండా పచ్చటి నీళ్లు, వాటిలో వేపాకులు, వాటితోపాటు రాయకూడనివి కూడా తేలుతున్నాయి. అత్త అరవలేదు. తడి చీరతోనే మళ్లీ పైకి వెళ్లి, ఒకసారి మా ఇంటికి రండమ్మా అని అందరినీ పిలిచింది. పండగపూట పిలిస్తే కాదనకూడదని, ప్రసాదం పెడుతుందేమోనని వాళ్లు వచ్చారు. తిన్నగా బాత్‌రూమ్ గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి నిలబెట్టింది.

"సూడండి. మీరు అమ్మోరికి పోసింది నా దొడ్లోకొచ్చింది. నా గొట్టంలో అడ్డముంటే ఇది లోపలికెలగొచ్చింది? ఈది గొట్టం నిండిపోనాది. అమ్మోరి నీళ్లు మీ పెంటలో కలిసేయి, నానేటి సెయ్యను?"

ఆడవాళ్లు చెంపలు వేసుకున్నారు. రెండు రోజులు కూడా ఆగకుండా అందరూ ఆమె వెంట మురుగు పనులు చూసే ఆఫీసుకి నడిచారు. ఇంజనీరు వచ్చి మూతలు ఎత్తించి చూశాడు. గొట్టం మోయగలిగినంతా మోస్తోంది, ఇంక బొట్టు పట్టదన్నాడు. పెద్ద గొట్టం వేసేదాకా వీధిలో కొత్త కనెక్షన్ లేదు, కొత్త అంతస్తు లేదు అని ఆపేశారు.

అదే ఆమె చేసిన నేరం. బిల్డర్ ఒక్కడికే ఆగుతుందనుకున్న వీధికి, తమకూ ఆగిందని అర్థమైంది. అపార్ట్‌మెంట్ పై అంతస్తులు ఇనప చువ్వలతో అలాగే ఉండిపోయాయి. పిల్లల పెళ్లిళ్లకు గది వేద్దామనుకున్నవాళ్లు వెయ్యలేకపోయారు. కొడుకులు, కోడళ్లు గోవింద్‌పూర్‌లో, జుగ్సలాయిలో అద్దె ఇళ్లకు పోయారు. వాళ్ల బాధ అబద్ధమని నేననను, నేనూ గోవింద్‌పూర్‌లో అద్దెకున్నదాన్నే. కానీ పెద్ద గొట్టం ఎందుకు వెయ్యరని ఆఫీసు గుమ్మంలో కూర్చోవలసిన వీధి, ముసలిదాని గుమ్మం మీద ఉమ్మింది. చెంపలు వేసుకున్న ఆడవాళ్లే ఆమెను పేరంటాలకు పిలవడం మానేశారు. పెళ్లికూతురికి పసుపు రాయడానికి అందరినీ పిలిచి, ఆమె ఇంటి ముందు నుంచే తలుపు చూడకుండా వెళ్లిపోయేవారు. మరుసటి ఏడు పండగకు ఆమె ముర్రాట పట్టుకుని వెళ్తే, ముందున్నవాళ్లు పక్కకు తప్పుకున్నారు. ఆమె పోసి వచ్చింది. ఆ పూట వంట చెయ్యలేదు. ఆమెకు ఏమీ అనిపించలేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఒకరోజు నేనక్కడ ఉండగానే కమిటీ పెద్ద కొడుకు గేటు దగ్గర నిలబడి, "బువా, ఆప్‌కే జానే కే బాద్ తో బన్‌నా హీ హై" అన్నాడు. అత్తా, నువ్వు పోయాకైనా కట్టేదే కదా అని. పెద్ద చదువు చదివిన కుర్రాడు. నేను లేవబోతే అత్త నా చెయ్యి పట్టుకుంది.

"మీ నాయన తెలుగు నేర్పనేదేటి, బావూ? సచ్చిపోమన్న మాట తెలుగులో అను. ఇంకా బాగా అర్దమవుద్ది" అంది. తర్వాత వాడికి టీ కావాలా అని అడిగింది. వాడు వెళ్లిపోయాడు.

ఆమె పోయిన రోజున ఆ వీధి వీధంతా వచ్చింది. ఎంత ప్రేమ! బిల్డర్ పెద్ద దండ పంపాడు. పాడె మొయ్యడానికి పోటీ పడ్డారు. పసుపుకి పిలవనివాళ్లు గుండెలు బాదుకుని రాగాలు తీశారు. నేను వాళ్ల కేసి చూస్తూ కూర్చున్నాను, నాకు కన్నీళ్లు రాలేదు. మేనకోడలికి గుండె రాయి అని ఎవరో అన్నారు కూడా.

మూడో రోజున కమిటీ పెద్ద పురోహితుణ్ణి వెంటబెట్టుకుని పంచాంగంతో వచ్చాడు. అత్త ధనిష్ఠలో పోయింది, చెడ్డ నక్షత్రం, పన్నెండో రోజు కాగానే ఇల్లు మూసెయ్యాలి, ఆరు నెలలు దీపం కూడా పెట్టకూడదు అన్నాడు. పిల్లల తల్లివి, నీ మేలు కోరి చెబుతున్నానన్నాడు. సంచిలోంచి కొత్త తాళంకప్ప కూడా తీశాడు. నా మేలు కోసం తాళం కొనుక్కొచ్చిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు.

నేను నక్షత్రాలను నమ్మనిదాన్ని కాదు. మా వాళ్లలో ఇలా ఇళ్లు మూసుకుని వెళ్లినవాళ్లున్నారు, వెళ్లకుండా కష్టాలు పడ్డవాళ్ల కథలు కూడా విన్నాను. భయం వేసింది. అత్తకు పిల్లల్లేరు, ఇల్లు నాకేనని అందరి ముందూ చెప్పి పోయింది. తాళం వేసి ఆరు నెలల తర్వాత వద్దామనే అనుకున్నాను. తర్వాత పురోహితుడికి సామాన్లు ఇవ్వడానికి వెళ్తే, ఆయన మనసులో ఏమీ పెట్టుకోకుండా మాటల్లో అనేశాడు. "ఆరు నెలలు కచ్చితమేనా, మద్దిలో ఎవులైనా రావొచ్చా అని ఆ బిల్డరు బాబు రెండుసార్లు అడిగేడమ్మా. ఇంటి మీద ఆలకెంత శ్రద్దో!" శాంతి చేయించుకుని ఉండేవాళ్లు ఉంటారట, తాను మాత్రం పూచీ పడలేనన్నాడు.

అప్పుడు అర్థమైంది. మురుగు పైకొచ్చేది కింది ఇంట్లో. కింది ఇంట్లో మనుషులే లేకపోతే ఫిర్యాదు లేదు. అత్త ఇంటి గొట్టానికి బయట నుంచి సిమెంటు కొట్టేసి, పైనున్న అంతస్తులన్నీ కలిపేస్తారు. ఇంటి నీళ్లకు దారి ఉండదు, గొట్టం పట్టని మురుగంతా ఆ గుమ్మంలోనే పొంగుతుంది. తాళం తీసే రోజుకి అది ఇల్లుగా ఉండదు, వీధి మొత్తానికి మురుగు గుంటగా ఉంటుంది. చచ్చిపోయిన మనిషి నక్షత్రంతో కూడా పని చేయించుకోవాలనుకున్నారు!

పన్నెండో రోజు భోజనాలయ్యాక కమిటీ పెద్ద తాళం పట్టుకుని అరుగు మీదకొచ్చాడు. వీధివాళ్లందరూ విస్తళ్ల ముందు నుంచి లేచి చేతులు కడుక్కుంటున్నారు. నేను తాళం తీసుకోలేదు.

"సెడ్డ నచ్చత్రంతో ఒకింట్లో ఉండగల్ను, చిన్నాన్నా. మీ పెంటతో ఉండలేను. ఆ తాళం అపార్ట్‌మెంట్ గొట్టానికేసుకోండి" అన్నాను.

మా ఆయన నన్ను పక్కకు తీసుకెళ్లి పిల్లల మాట ఎత్తాడు, మొండితనం వద్దన్నాడు, కోపంగా వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున్నే గోవింద్‌పూర్ నుంచి ఆటోలో గ్యాస్ సిలిండరు, పిల్లల పుస్తకాల సంచులు తెచ్చి దించాడు. శాంతి చేయించుకున్నాం. అది చాలుతుందో లేదో నాకు తెలియదు.

పోయిన వారం బిల్డర్ మనుషులు గునపాలతో వచ్చి మా గుమ్మం ముందున్న మూత ఎత్తారు. నేను వంటింట్లో పోపు వేస్తున్నాను. మినప్పప్పు వేగిన వాసన బయటికి పోయినట్టుంది, వాళ్లు తలెత్తి కిటికీ వైపు చూశారు. ఇల్లు ఖాళీ అని చెప్పారే అని ఒకడు హిందీలో గొణిగాడు. నేను గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను. వాళ్లు ఎవరికో ఫోన్ చేశారు, చాలాసేపు విన్నారు, మూత మళ్లీ వేసేశారు. అవతలి అరుగుల మీద ఆడవాళ్లు అందరూ చూస్తున్నారు. మా చిన్నది వాళ్ల పిల్లతో ఆడుకుందామని గేటు దాటబోతే, ఒకావిడ తన పిల్లను రెక్క పట్టుకుని లోపలికి ఈడ్చుకుపోయి తలుపు వేసుకుంది.

నేను మా పిల్లను ఎత్తుకుని లోపలికి వచ్చేశాను. బియ్యం కడగాల్సి ఉంది. కడిగి, ఆ నీళ్లు తూములో వంచాను. తెల్లటి కడుగు తూము మీద కాసేపు నిలబడింది. నేనూ, నా చంకలో పిల్లా దాన్నే చూస్తూ నిలుచున్నాం. తర్వాత చిన్న సుడి తిరిగి మెల్లగా కిందికి దిగింది.