నాకు లేని కష్టం

ఆ రోజుల్లో మా భద్రాచలం హాస్టల్లో కష్టాలు లేని పిల్లకు పూచికపుల్లపాటి విలువ కూడా ఉండేది కాదు. టీచర్ ట్రైనింగ్ చదువుతున్నాం. మా మేడమ్‌కు బతుకుపోరాటాల పుస్తకాలంటే పిచ్చి. మనసు గాయాలు ఎలా మానతాయి, మనిషి స్వభావం ఏమిటి అని చెప్పే పుస్తకాలు మాకు పంచి, శనివారం శనివారం ఒకదాని గురించి మాట్లాడించి, దాన్ని మా బతుకుతో ముడిపెట్టమనేవారు. బాగా చెప్పిన పిల్లను ఖమ్మంలో జరిగే పుస్తకాల సభకు తీసుకెళ్తానన్నారు. ఆ పుస్తకాలన్నిటిలో మొదటి అధ్యాయం ఏడుపు, చివరి అధ్యాయం గెలుపు. నా బతుకులో మొదటి అధ్యాయమే లేదాయె. తల్లాడలో నీళ్లు పారే తరి పొలం, ఇంటినిండా పాడి, అడిగిందల్లా కొనిచ్చే నాన్న. (ఆయన ఒక్కసారైనా తన్ని ఉంటే ఎంత బాగుండేదో.) నా రూమ్మేట్ చర్ల అడవి పల్లె పిల్ల. చిన్నప్పుడే తల్లి పోయింది, తునికాకు కోసి చదువుకుంది. ఆమె నోరు తెరిస్తే హాస్టలంతా ముక్కులు చీదేది, నేను తెరిస్తే ఆవలించేది. నాకు ఒళ్లు మండిపోయేది. నగలు చూసి కుళ్లుకునేవాళ్లుంటారు, నేను కష్టాలు చూసి కుళ్లుకున్నాను.

ఒక శనివారం ఇక ఆగలేక, మా ఇంట్లో ఉన్నది సవతితల్లి అనీ, వాతలు పెడుతుందనీ చెప్పేశాను. (చూపించిన మచ్చ గారెలు వేస్తూ నేనే కాల్చుకున్నది.) మేడమ్ కళ్లు తుడుచుకుని ఖమ్మానికి నా పేరే రాసుకున్నారు. రూమ్మేట్ నన్ను పట్టుకుని, "నాకు అమ్మ లేదు గానీ వాతలైతే లేవే. నువ్వే పోవాలె" అంది. గెలిచానని లోలోపల పొంగిపోయాను.

మర్నాడే మా అమ్మ కోడికూర క్యారియర్‌తో బస్సు దిగింది. ఒక్క పిల్లా పలకరించలేదు.

"ఏందే, వీళ్లంత నన్ను గిట్ల జూస్తున్నరు?"

నేను నోరు విప్పేలోపే రూమ్మేట్ ముందుకొచ్చింది. "అమ్మా, కనకపోయినా బిడ్డే గదా. ఇగ వాతలు పెట్టకుండ్రి. మీకు దండం బెడత."

అమ్మ నావైపు ఒక్క చూపు చూసింది. నాకు పైప్రాణాలు పైనే పోయాయి. తర్వాత ఆ పిల్ల చేయి పట్టుకుని, "అవ్ బిడ్డా, తప్పయింది. ఇగ పెట్ట. మీ అమ్మ ఎట్లున్నది?" అని అడిగింది. లేదని తెలిశాక ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, అన్నం కలిపి ముద్దలు నోట్లో పెట్టింది. ఆ పిల్ల ఏడుస్తూనే తిన్నది. క్యారియర్ ఖాళీ అవుతోంది.

"నాకేదమ్మా?" అన్నాను.

"సవతితల్లి తినిపిస్తదా ఏందే?" అంది అమ్మ, నావైపు చూడకుండానే.

సోమవారం మేడమ్ దగ్గరికి వెళ్లి నా పేరు కొట్టేయించుకున్నాను. ఖమ్మానికి నా రూమ్మేటే వెళ్లింది.

ఇప్పుడు నేనూ టీచర్నే. అసూయను జయించమని పిల్లలకు బాగానే చెబుతాను. అమ్మ ఫోన్ చేస్తే మాత్రం ముందు "చర్ల బిడ్డ ఎట్లున్నది?" అనే అడుగుతుంది. నవ్వుతూనే జవాబు చెబుతాను గానీ, ఆ ముద్దల మీద కుళ్లు నాకు ఇంకా పోలేదు.