మా పెదనాన్న కొడుకు జబ్బు

నిన్న సాయంత్రం మా బడి గచ్చంతా కార్బాలిక్ నీళ్లతో కడిగించారు. ఊళ్లో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయని పైనుంచి ఉత్తరువు వచ్చింది. పొద్దున్నే తలుపు తీసేసరికి ఆ ఘాటు గుప్పుమంది. పిల్లలు ముక్కులు మూసుకుని ఒకటే గోల. నేను కుర్చీలో కూర్చోబోయి, నాకు తెలియకుండానే కాళ్లు రెండూ దగ్గరికి ముడుచుకున్నాను. నలభైకి దగ్గరపడ్డ మేష్టరుని, ముగ్గురు పిల్లల తండ్రిని, పన్నెండేళ్ల నాటి భయం ఇంకా తొడల్లో కూర్చుని ఉంది చూడండి! ముందు నవ్వొచ్చింది. తరవాత దేవసహాయం గారు జ్ఞాపకమొచ్చి ఆ నవ్వు కాస్తా ఆగిపోయింది.

ఆయన మా తాలూకా డిస్పెన్సరీలో హాస్పిటల్ అసిస్టెంటు. జనం డాక్టరు గారనే వారు. ఆయన మాత్రం ప్రతిసారీ "డాక్టరుని కానండి, అసిస్టెంటుని" అని దిద్దేవారు. కాకినాడకి దిగువన సముద్రపు ఒడ్డు పల్లెవారి పిల్లవాడు. తండ్రి వేటకి వెళ్లేవాడు, తల్లి వలలు బాగుచేసేది. మిషను బడిలో చదువుకుని, మద్రాసు వెళ్లి వైద్యం నేర్చుకుని వచ్చారు. నల్లని బొద్దు మనిషి, మాట మాత్రం సన్నం. చేతులు ఎంత లావో, ఆ లావు వేళ్లతో సన్న సూది పట్టుకుంటే ఎవరికైనా గుండె జారిపోయేది. ఆయనకొక పట్టుదల ఉండేది. రోగి తన జబ్బు తన నోటితోనే చెప్పాలి. తల్లి కొడుకు తరఫున చెప్పినా, మొగుడు పెళ్లాం తరఫున చెప్పినా వినేవారు కారు. "మీరు కాసేపు అరుగు మీద కూర్చోండి, ఆవిణ్ణి మాట్లాడనివ్వండి" అనేవారు. ఈ పద్ధతి మా వాళ్లకి బొత్తిగా నచ్చేది కాదు. చాలామంది తిట్టుకుంటూ వెళ్లిపోయేవారు, మళ్లీ పడవెక్కి ఆయన దగ్గరికే వచ్చేవారు.

నా పెళ్లి నాటికి నాకు ఇరవై నాలుగేళ్లు, సారమ్మకి ఇరవై. వాళ్లది కొవ్వూరు. అప్పటికి గోదావరి మీద రైలు బ్రిడ్జి లేదు కదా, పెళ్లివారు పడవల్లోనే దాటి వచ్చారు. మా ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ఇష్టం కుదరడానికి వారం కూడా పట్టలేదు. కష్టమల్లా రాత్రిపూటే వచ్చింది. సిగ్గు విడిచి చెబుతున్నాను. మగవాడి మర్మాంగం చివర, అడుగువైపున, ముందుతోలుని పట్టి ఉంచే సన్నని పొర ఒకటి ఉంటుంది. అది నాకు పుట్టుకతోనే పొట్టి. తోలు వెనక్కి జరగబోతే అది బిగుసుకుని లాగేది. ఆ నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగేవి. ఒకసారి చిరిగి నెత్తురు కూడా వచ్చింది. మానింది, మానినచోట గట్టిపడి ఇంకా పొట్టిదైంది. ఆ తరవాత నేను భార్య పక్కకి వెళ్లడమే మానేశాను. బడి పుస్తకాలు దిద్దాలని, ఒంట్లో బాగోలేదని, రేపు ఉపవాస ప్రార్థన అని, ఎన్ని సాకులు చెప్పానో ఆ దేవుడికే తెలియాలి. దేవుడే నాకు శిక్ష వేశాడని కూడా నమ్మాను. ఏ పాపానికో మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.

ఏడాది గడిచింది. సారమ్మ కడుపు పండలేదు. మా అమ్మ ఒకరోజు "పిల్ల ఒంట్లోనే ఏదో దోషం ఉందిరా అబ్బాయి" అని తేల్చేసి కషాయం పెట్టడం మొదలెట్టింది. అది మా అమ్మమ్మ నాటి మందు, చిత్రమూలం వేరు వేసి కాచేది. నోట్లో పడితే నాలుక మండిపోతుంది. పరగడుపున గిన్నెడు. సారమ్మ వంటింటి గడప మీద కూర్చుని, కళ్లు మూసుకుని గడగడా తాగేసేది, తరవాత పెరట్లోకి పరుగెత్తి కక్కుకునేది. నేను వసారాలో గడ్డం గీసుకుంటూ ఆ చప్పుడు వినేవాణ్ణి. అలా మూడు నెలలు విన్నాను. ఒక్క మాట అంటే ఆగిపోయేది. ఆ ఒక్క మాట నా నోటి నుంచి రాలేదు. ఎందుకు రాలేదని ఇప్పుడు నన్నెవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు, ఛీ అనుకోవడం తప్ప. చివరికి అమ్మ, కోతలయ్యాక సారమ్మని కొవ్వూరు పంపేద్దామని, సంఘం పెద్దల్ని కూర్చోబెట్టి మాట్లాడదామని అంది. 

మర్నాడే డిస్పెన్సరీకి వెళ్లాను. జనమంతా వెళ్లిపోయేదాకా బయట వేపచెట్టు కింద నిలబడి, ఆఖరున లోపలికి దూరాను.

"రండి మేష్టారు, ఏంటి సంగతి?" అన్నారు దేవసహాయం గారు.

"నాకు కాదండి. మా పెదనాన్న కొడుక్కి. పాపం, కొత్తగా పెళ్లయింది..." అని మొదలుపెట్టి, చెప్పాల్సిందంతా నేల చూపులు చూస్తూ చెప్పేశాను.

ఆయన చేతులు తుడుచుకుంటూ మొత్తం శ్రద్ధగా విన్నారు. "మంచిదండి. చాలా తేలికైన జబ్బు. మీ పెదనాన్న గారి అబ్బాయిని పంపండి."

"ఆయ్, అతను రాలేడండి. సిగ్గుపడతాడు."

"సిగ్గుపడితే పడనివ్వండి. వచ్చి నాతో చెప్పమనండి. కత్తెర పెట్టాల్సింది ఆయనకి గానీ మీక్కాదు కదా మేష్టారు" అని, దీపం వత్తి తగ్గించి లేచారు. అంతే, మాట అయిపోయిందన్నమాట.

నేను గుమ్మం దాకా వచ్చాను. మెట్టు దిగాను. మళ్లీ ఎక్కాను. "అయ్యా, నాకు పెదనాన్నే లేడండి" అన్నాను. ఆయన నవ్వలేదు. ఈ పన్నెండేళ్లలోనూ నేనాయన్ని తలుచుకున్నప్పుడల్లా ముందుగా కృతజ్ఞత చెప్పుకునేది, ఆ రోజు నవ్వనందుకే. కుర్చీ జరిపి "కూర్చోండి. ఇప్పుడు మళ్లీ మొదటినుంచి చెప్పండి, ఈసారి నాకు అని చెప్పండి" అన్నారు. చెప్పాను. చెబుతూ చెబుతూ ఏడ్చాను కూడా.

పరీక్ష చేశాక ఆయన ఒక పాత గుడ్డముక్క తెచ్చి బల్లమీద పరిచారు. దాని మధ్య అడ్డంగా చిన్న గాటు పెట్టి, రెండు కొసలూ పట్టుకుని నిలువుగా లాగారు. గాటు నోరు తెరిచింది. ఆ నోటిని నిలువుగా కుట్టి చూపించారు. గుడ్డ అక్కడ కాస్త పొడుగు సాగింది. "మా అమ్మ వల అల్లేటప్పుడు ఒక కన్ను పొట్టిగా వచ్చిందంటే, దాని చుట్టూ వలంతా లాగేస్తుందండి. వలని తిట్టుకుంటామా? ఆ కన్ను కోసి మళ్లీ అల్లుకుంటాం. మీదీ అంతే. ఇందులో శిక్షా లేదు, పాపమూ లేదు" అన్నారు.

నా పాపం సంగతి నేనాయనతో అననేలేదు. ఎలా తెలిసిందో!

శుక్రవారం చేశారు. కార్బాలిక్ లోషనుతో కడిగి, మొద్దుబార్చే మందు సన్న సూదితో ఎక్కించారు. ఆ సూది పోటే అసలు పోటు, నా అరుపుకి బయట వరండాలో కునుకుతున్న ముసలాయన లేచి కూర్చున్నాడట. ఆ తరవాత ఏదో లాగుతున్నట్టు తెలిసిందే తప్ప నొప్పి లేదు. ఆ లావు వేళ్లు ఎంత మెత్తగా కదిలాయో! అడ్డంగా ఒక కోత, నిలువుగా నాలుగు పట్టుదారపు కుట్లు. "అయిపోయిందండి" అనేసరికి నేను నమ్మలేదు. ఇంత చిన్న పనికా ఏడాది పాటు చచ్చి బతికాను? రోజుకి రెండుసార్లు గోరువెచ్చని నీళ్లతో కడగాలి, ఎనిమిదో రోజున కుట్లు విప్పించుకోవాలి, ఆరు వారాలు భార్యకి దూరంగా ఉండాలి. అన్నీ చెప్పి, ఆఖరున "ఆవిడకి తెలుసా?" అని అడిగారు.

"లేదండి."

"చెప్పండి. ఇది కూడా మందు చీటీలో రాసినట్టే అనుకోండి."

తక్కినవన్నీ తు.చ. తప్పకుండా చేశాను. ఇదొక్కటీ చెయ్యలేదు. గజ్జల్లో సెగ్గడ్డ లేచిందని, కోయించుకున్నానని ఇంట్లో చెప్పాను. సారమ్మ నీళ్లు కాచి ఇచ్చింది, కట్టుగుడ్డలు ఉడకబెట్టి దండెం మీద ఆరేసింది, ఏమీ అడగలేదు. కషాయం కూడా తాగుతూనే ఉంది. ఆరు వారాలు గడిచాయి. మేం మొగుడూ పెళ్లాలమయ్యాం. మరో రెండు నెలలకి సారమ్మ నెల తప్పింది.

ఇంక మా అమ్మని పట్టడం ఎవరి తరం? "చూశారా నా మందు!" అని వీధి వీధంతా చెప్పుకుంది. కొవ్వూరు పంపే మాట ఎటు పోయిందో పోయింది. పిల్లవాడి బాప్తిస్మం విందుకి దేవసహాయం గారిని కూడా పిలిచాం. అమ్మ ఆయన విస్తట్లో కొసరి కొసరి వడ్డిస్తూ, "మీ డిస్పెన్సరీలో ఇలాంటి మందుందా డాక్టరు గారూ? ఆరు నెలల్లో ఒంట్లో దోషమంతా కడిగేసింది" అంది. ఆయన తల ఎత్తి నా వైపు చూశారు. నేను పెరుగు గిన్నె పట్టుకుని పక్క పంక్తిలోకి వెళ్లిపోయాను. ఆయన "నేను అసిస్టెంటునండి అమ్మా" అని మాత్రం అని, భోజనం ముగించి, పిల్లవాడి చేతిలో వెండి మొలతాడు పెట్టి వెళ్లారు.

ఆ తరవాత ఆర్నెల్లకి ఆయన దగ్గరనుంచి బడికి కబురొచ్చింది, వెంటనే రమ్మని. వెళ్లేసరికి లోపలి గదిలో చాప మీద మా పొరుగింటి కోడలు రూతు పడుకుని ఉంది. పెదవులు బొబ్బలెక్కి ఉన్నాయి. గొంతు పూసి నీళ్లు కూడా దిగడం లేదు. పెళ్లయి రెండేళ్లయినా పిల్లలు లేరని వాళ్ల అత్తగారు మా అమ్మని అడిగి కషాయం కాయించింది. తొందరగా గుణం కనబడాలని వేరు రెండింతలు వేసింది.

దేవసహాయం గారు నన్ను వరండాలోకి తీసుకొచ్చారు. ఆయనకి కోపం రావడం ఆ ఒక్కసారే చూశాను. ఆ సన్నగొంతు ఇంకా సన్నగిల్లింది.

"రెండు రోజులు గడిస్తే బతుకుతుందండి. ఇది కాక ఇంకో మూడిళ్లలో కాస్తున్నారని విన్నాను. మానమని చెప్పాను. మేష్టరు గారి ఇంట్లో ఆ మందు పని చేసింది కదా అంటున్నారు. ఏం చెప్పమంటారు?"

"మీరే నిజం చెప్పెయ్యండి" అన్నాను.

"నా రోగి మాట నేను బయటపెట్టను. రేపు మీ పెదనాన్న గారి అబ్బాయి లాంటి వాడు ఇంకొకడు నా గుమ్మం ఎక్కాలా వద్దా?" అన్నారు. లోపలి గది వైపు చూసి, "మీరు నోరు మూసుకున్నందుకు ఊళ్లో ఆడపిల్లల నోళ్లు కాలుతున్నాయి మేష్టారూ" అన్నారు.

రూతు బతికింది. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక, ఎప్పటిలాగే ఆడవాళ్లు మా అరుగు మీద చేరారు. రూతు అత్తగారు మొహం వేలాడేసుకుని కూర్చుంది. అమ్మ ఆవిణ్ణి ఓదారుస్తూ, "వేరు ఎక్కువైంది వదినా, పిల్ల కోలుకున్నాక కొలతగా కాద్దాం" అంటోంది. రూతు మొగుడు స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. నేను లోపలినుంచి వచ్చాను. రోజూ అరవైమంది పిల్లల ముందు అరిచే వాణ్ణి, ఆ పదిమంది ముందు మాట పెగల్లేదు.

"అమ్మా, దోషం సారమ్మది కాదు" అన్నాను. "నాది. నా ఒంట్లో పుట్టుకతో ఉన్న లోపం. మగవాడికి చెప్పుకోలేని చోట ఉంది. డాక్టరు గారు కోసి, కుట్లు వేసి బాగుచేశారు. ఆ సెగ్గడ్డ అబద్ధం. నీ కషాయం దేనికీ పని చెయ్యలేదు. అది సారమ్మ ఊరికే తాగింది."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. అయిదో రోజున పెరట్లో ఆరబెట్టిన వేర్లన్నీ పొయ్యిలో పెట్టేసింది. ఊళ్లో కుర్రాళ్లు నన్ను చూసి నవ్వుకున్నారు, కొన్నాళ్లకి అదీ పోయింది. రూతు మొగుడు మాత్రం మర్నాడు పొద్దున్నే తాలూకాకి వెళ్లే పడవ ఎక్కడం చూశాను. అతనికి ఏం జబ్బుందో, అసలు ఉందో లేదో నాకు తెలియదు. నేను అడగలేదు, దేవసహాయం గారు చెప్పనూ లేదు.

ఆ మరుసటి ఏడు ఆయన్ని ఎక్కడో ఏజెన్సీ వైపు బదిలీ చేశారు. అక్కడి మన్యం జ్వరంలోనే పోయారని విన్నాను. ఆయన చేసిన కోత మానడానికి రెండు వారాలు పట్టింది. ఆయన నా చేత నిజం చెప్పించి పెట్టిన రెండో కోత ఉంది చూశారూ, అది ఇంకా మానలేదు. ఎందుకంటే ఆ ఆదివారం మధ్యాహ్నం, అందరూ వెళ్లిపోయాక, నేను సారమ్మ దగ్గరికి వెళ్లి తలవంచుకుని నిలబడ్డాను. ఆవిడ పిల్లవాడికి జోల పాడుతోంది.

"నాకు మొదటి నెలలోనే తెలుసండి" అంది, తల ఎత్తకుండానే. "పక్కలో నెత్తురు చూశాను కదా."

"మరి ఎందుకు తాగావు?"

"మీరు చెబుతారేమోనని. రోజూ గిన్నె పట్టుకుని ఒక్క నిమిషం ఆగేదాన్ని."