అన్నీ మన దగ్గర్నుంచే వెళ్ళాయిట

అమెరికాలో, మా ఇర్వింగ్ ఊళ్ళో, తెలుగువాళ్ళ ఇళ్ళలో స్కూలు ప్రాజెక్టు పిల్లలకిస్తారు, చేసేది తండ్రులు. ఆరో తరగతి చదివే మా అమ్మాయిని సింధు నాగరికతకూ మెసొపొటేమియాకూ మధ్య జరిగిన వర్తకాన్ని అట్ట మీద చూపించమన్నారు. శుక్రవారం సాయంత్రమే ఆ అట్ట నేను లాక్కున్నాను.

"నాన్నా, ఐ కెన్ డూ ఇట్. నేనే ఎక్స్‌ప్లెయిన్ చెయ్యాలి, దానికే గ్రేడ్," అంది.

"నువ్వు ఎక్స్‌ప్లెయిన్ చెయ్యి తల్లీ, డిజైన్ నేను చూస్కుంటా."

మధ్యలో సింధు నది వేసి, దాన్నుంచి ప్రపంచమంతటికీ ఎర్ర బాణాలు గీశాను. పూసలు, పత్తి, తూనికరాళ్ళు, మురుగుకాలవలు కట్టే తెలివి, అన్నీ మనమే పంపాం. మన వైపు వచ్చే బాణం ఒక్కటీ లేదు. శనివారం మా ఇంట్లో, తలా ఒక వంటకం తెచ్చే పాట్‌లక్‌కి వచ్చిన మిత్రులు బిర్యానీ ప్లేట్లతో అట్ట చుట్టూ చేరారు. ఒకాయన, "సున్నా మర్చిపోయినవ్ బ్రో, అది కూడా యాడ్ చెయ్," అన్నాడు. చేశాను. ఇంకొకాయన విమానాలన్నాడు గానీ చోటు చాలలేదు. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టుంది మా వరస. ఆ సింధు తాతల లిపిని ఇంతవరకూ ఎవరూ చదవలేకపోయారన్న సంగతి మాకు అడ్డం రాలేదు.

మా అమ్మాయి అంతా చూసి, "వాళ్ళు మనకేం ఇవ్వలేదా? దెన్ ఇట్స్ నాట్ ట్రేడ్, నాన్నా," అంది.

"మనకేం తక్కువని?" అన్నాను. అట్ట పట్టుకుని తన గదిలోకి వెళ్ళిపోయింది. అలిగిందనుకున్నాను.

స్కూల్లో ప్రదర్శన రోజు, తల్లిదండ్రులమంతా చూస్తుండగా, టీచరు ప్రతి బల్ల దగ్గరా ఆగి, ఏ బాణానికి ఏం ఆధారమని అడుగుతోంది. ప్రాజెక్టు కాగితంలో మొదటి లైనే అదిట. ఆఫీసులో రిక్వైర్‌మెంట్స్ చదవకుండా కోడ్ రాసేవాళ్ళని రోజూ తిట్టే నేను ఆ కాగితం ముట్టుకోలేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందని నాలాంటివాళ్ళని చూసే అని ఉంటారు. పిల్ల గ్రేడు నా వల్లే మునిగిందనుకున్నాను.

టీచరు వచ్చేలోపు మా అమ్మాయి అట్టని వెనక్కి తిప్పింది. అక్కడ పెన్సిలుతో తను గీసిన పటం ఉంది. బాణాలు అటూ ఇటూ వెళ్తున్నాయి. మన పూసలు మెసొపొటేమియా సమాధుల్లో దొరికాయని, గల్ఫ్ వర్తకుల ముద్ర ఒకటి మన వైపున్న లోథాల్‌లో దొరికిందని చెప్పింది. ఉన్ని, వెండి వచ్చి ఉండొచ్చని చెప్పి, వాటి పక్కన ప్రశ్నార్థకాలు చూపించింది. తెలియనిదాన్ని తెలియదనడం మా పాట్‌లక్‌లలో నేనెన్నడూ వినలేదు. గర్వంగానూ ఉంది, సిగ్గుగానూ ఉంది.

టీచరు మెచ్చుకుని, అవతలి వైపు ఏముందని అడిగింది.

మా అమ్మాయి ఇంగ్లీషులో చాలా మర్యాదగా చెప్పింది. "అది మా నాన్న ప్రాజెక్టు. ఆధారాలు ఆయన్నే అడగండి."

టీచరు నా వైపు తిరిగింది. ఆఫీస్ కాల్ వస్తోందని చెప్పి, మోగని ఫోను చెవికి పెట్టుకుని పార్కింగ్ లాట్‌లోకి నడిచాను.