సున్నం పూయని లొట్టి

కల్లు బందు పెట్టకముందు మా ఈతవనంలో తెల్లారేసరికి జనమే జనం. గొర్రెల కాపరులు, కూలికి పోయేవాళ్ళు, సంతకు పోయే బండ్లవాళ్ళు. అక్కా అనేవాడొకడు, వదినా అని ఆట పట్టించేవాడొకడు. నేను విసుక్కునేదాన్ని. మీ నోళ్ళు పడిపోను అని తిట్టేదాన్ని కూడా. ఇంతలో మద్రాసు సర్కారు కర్నూలు జిల్లా అంతటా కల్లు ఆపేసింది. మా మార్కాపురం తాలూకా అప్పుడు ఆ జిల్లాలోదే. నోళ్ళు నిజంగానే పడిపోయాయి.

వనంలో మాతోపాటు ఇంకొన్ని గుడిసెలు ఉండేవి, అన్నీ చెట్లు గీసే మావాళ్ళవే. మగవాళ్ళు ఒక్కొక్కరే పలకల గనులకు పోయారు. అక్కడ కొట్టాల్లో మగవాళ్ళు పడుకోవడానికే చోటు లేదు, ఇక సంసారాలెక్కడ? ఆడవాళ్ళు పుట్టిళ్ళు చేరారు. నాకు పుట్టిల్లంటూ మిగల్లేదు. మా ఆయన మాత్రం కదల్లేదు.

"చెట్టెక్కే కాళ్ళు మే ఇవి. గుంతలోకి దిగవు" అన్నాడు.

సర్కారు కూడా ఒక దారి చూపింది. కల్లు వద్దు, ఈత బెల్లం చేసుకోండి, మీకు సాయం చేస్తామంది. గీతకు లైసెన్సు ఇచ్చింది, ఇంత వెడల్పు ఇనుప పెనం ఇచ్చింది, పాకం నేర్పడానికి గుంటూరు వైపు నుంచి ఒక మేస్త్రీని పంపింది. షరతు ఒక్కటే. చెట్టుకు కట్టే ప్రతి లొట్టికీ, అంటే నీరు పట్టే కుండకు, లోపల సున్నం పూయాలి. సున్నం ఉంటే చెట్టు నుంచి కారిన నీరు పొద్దుటికి తియ్యగా ఉంటుంది, లేకుంటే పులిసి కల్లవుతుంది. సున్నం లేని లొట్టి దొరికితే లైసెన్సు పోతుంది. లైసెన్సు పోతే ఆయన గనికి, నేనొక్కదాన్నే ఈ వనంలో. నా భయమంతా అదే. దెయ్యాలకు కూడా అంత భయపడలేదు.

మొదటి పాకం మాడిపోయింది. రెండోది జిగురులాగా సాగి గరిటెను పట్టుకుని వదల్లేదు. తర్వాత చేయి కుదిరింది. నల్లగా, మెత్తగా, కమ్మటి వాసనతో దిగేది. మేస్త్రీ చిన్న ముక్క నోట్లో వేసుకుని కళ్ళు మూసుకునేవాడు.

"చెరకు బెల్లం దీని ముందు దిగదుడుపేనమ్మా. ముద్ర వేసి మద్రాసు పంపిస్తాం, చూడండి" అనేవాడు.

మద్రాసు సంగతేమో గానీ, మా ఊరివాళ్ళు ఒక్క అచ్చు కొంటే ఒట్టు. "బెల్లం తింటే ఏం కైపెక్కుద్ది వదినా?" అని దారిలో నవ్వి పోయేవాళ్ళు. బెల్లం ఎత్తుకుపోయే సర్కారు సంఘం బండి వస్తే తప్ప వనంలో ఇంకో మనిషి ముఖం కనపడేది కాదు. బండివాడు తొందరగా పోకుండా మజ్జిగిచ్చి, వాడి పిల్లల సంగతులు, ఎద్దుల సంగతులు కూడా అడిగేదాన్ని. సిగ్గులేదా అంటారా? లేదు. మనిషి మాట అంత కరువు.

మాలో ఒక ఆనవాయితీ ఉంది. ఏటా గీత మొదలుపెట్టినప్పుడు మొదటి చెట్టు కల్లు ఎల్లమ్మకు సాక పోయాలి, అంటే అమ్మ ముందు నేల మీద ధారగా విడవాలి. ఊరికి వాన, గొడ్డుకు పాలు ఆ సాకతోనే అని నమ్మకం. లైసెన్సు వచ్చిన ఏడు మా ఆయన ఆ ఒక్క చెట్టుకు సున్నం లేని లొట్టి కట్టాడు. ఎవరూ చూడలేదు. రెండో ఏడు మళ్ళీ అదే లొట్టి తీస్తుంటే నేను అడ్డం పడ్డాను.

"ఏమయ్యో, ఈ ఏటికి మానుకోరాదా? నీకు దండం పెడతా."

"అమ్మ నోట్లో సున్నపు నీళ్ళు పోద్దునా?" అని చెట్టెక్కే మోకు భుజాన వేసుకుని పోయాడు.

తెల్లారగానే లొట్లు తనిఖీ చేసే సర్కారు జవాన్లు వచ్చారు. లొట్టి దింపించి, లోపల వేలు పెట్టి చూసి, వాసన చూశారు. వెంట వచ్చిన మేస్త్రీ మా ఆయన్ని పక్కకు లాగాడు.

"సున్నం మర్చిపోయానని చెప్పవయ్యా. నేను సర్దిచెప్తాను. ఒక్క మాట!"

ఒక్క మాట. నేను వెనక నుంచి చెప్పు, చెప్పు అంటూనే ఉన్నాను.

"అమ్మ లొట్టి సామీ ఇది. ఎట్ల మర్చిపోతాను?" అన్నాడు ఆ మహానుభావుడు, జవాన్లకు వినపడేటట్టు.

ఆయన్ని మార్కాపురం తీసుకుపోయారు. కొన్ని నెలల శిక్ష పడింది. లైసెన్సు పోయింది. సంఘం బండి చివరిసారి వచ్చి పెనం ఎక్కించుకుపోయింది. బండివాడు నా ముఖం చూడలేదు. ఆ సాక ఊరందరిదీ సామీ అని కోర్టులో ఊరివాళ్ళు ఒక్కరన్నా చెప్పి ఉంటే! ఎవరూ పోలేదు. ఈత మట్టలు గాలికి కదిలితే ఎవరో వచ్చారనుకుని బయటికి పోయి నిలబడేదాన్ని. పలకరించే దిక్కులేక, రాత్రి వండిన కూడుతో మాట్లాడేదాన్ని. ఏడుపొచ్చినప్పుడు గట్టిగానే ఏడ్చాను, వినేవాళ్ళెవరు గనక!

ఎల్లమ్మ జాతర ముందర ఊరి పెద్దాయన నా గుడిసెకు వచ్చాడు. అన్ని నెలల్లో వచ్చిన మొదటి మనిషి. నాకు ప్రాణం లేచొచ్చింది. చాప వేశాను.

"కోడలా, అమ్మకు సాక కావల్ల. యాడన్నా ఒక ముంత దాచి పెట్టినావేమోనని…" అన్నాడు.

అందుకా వచ్చింది! నాకు ఒళ్ళు మండిపోయింది.

"మీ సాక మార్కాపురం జైల్లో ఉంది మామా. పోయి తెచ్చుకోండి" అన్నాను.

ఆయన చాప మీద కూర్చోకుండానే వెళ్ళిపోయాడు. ఆ ఏడు అమ్మకు ఉత్త నీళ్ళు పోశారని తర్వాత తెలిసింది.

మా ఆయన ఎండాకాలంలో తిరిగి వచ్చాడు. చిక్కి సగమయ్యాడు. గడపలో నిలబడి అడిగిన మొదటి మాట ఇది:

"అమ్మకు సాక పోసినారా?"

"నేనెట్ల ఉన్నానని అడగవా?" అని అరిచాను.

ఆయన ఖాళీ పొయ్యి వైపు, నా వైపు చూశాడు.

"అడిగేదేముంది మే, కనపడతానే ఉంది గదా" అన్నాడు.

నాలుగు రోజులు ఇంట్లో ఉన్నాడు. అయిదో రోజు మోకు గుంజకు తగిలించి, పార తీసుకుని పలకల గనికి పోయాడు. నేను దారి దాకా పోయాను. వెనక్కి వచ్చేసరికి వనమంతా నాదే, నేనొక్కదాన్నే.